కొళాయి నీటిలోని కరెంటు

(బెంగళూరు వార్డు స్థాయి నీటి సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరును కాను. నగరపాలిక ప్రకటనలను, నియమావళులను, పౌరసేవల పత్రాలను కన్నడం నుంచి, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చే పనిలో ఉన్నదాన్ని. ఆ పనిలో నీటి సరఫరాకు సంబంధించిన పత్రాలు తరచుగా నా ముందుకు వస్తుంటాయి. ఒక మాటకు సరైన తెలుగు మాట పెట్టాలంటే ముందుగా ఆ మాట వెనుక జరిగే పని అర్థం కావాలి. అలా అర్థం చేసుకుంటూ పోగా నాకు తెలిసిన ఒక విషయం మీతో పంచుకోవడానికి ఈ అవకాశాన్ని వినియోగించుకుంటున్నాను. అది ఇది: ఈ నగరంలో నీటి సమస్య సగం కరెంటు సమస్య. ఆ కరెంటు ఎంత ఖర్చవుతుందో, ఎవరి వీధికి నీరు చేరుతుందో నిర్ణయించేది భూమిలో కనబడకుండా ఉన్న గొట్టాల అమరిక.

పారే నీరు, ఎక్కే నీరు

మన భాషలో పారుదల వేరు, ఎత్తిపోత వేరు. కాలువ కింద సాగు చేసిన రైతుకు, బావికి కపిలె కట్టిన రైతుకు ఆ తేడా ఒకరు చెప్పనక్కరలేదు. మొదటివాడు గట్టు తెగకుండా చూసుకుంటే చాలు. రెండవవాడు ప్రతి బానకూ ఎద్దుల కష్టాన్ని చెల్లించాలి. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. మిట్టకు నీరు తనంతట తాను రాదు, ఎవరో మోసుకురావాలి.

మన పూర్వ నగరాలు పారుదల మీద బ్రతికాయి. 1908లో మూసీ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాల మేరకు హైదరాబాదుకు ఎగువన కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. ఆ నీరు నగరానికి వాలు మీదనే చేరేది. నగరం పెరిగాక కృష్ణా జలాలను, ఆపైన గోదావరి జలాలను నూరు కిలోమీటర్లకు మించిన దూరం నుంచి పంపులతో తేవలసివచ్చింది. చెన్నై కథ మరొక విధం. 1983 నాటి ఒప్పందంతో రూపుదిద్దుకున్న తెలుగుగంగ ద్వారా కృష్ణా నీరు 1996లో పూండి జలాశయానికి చేరింది. కండలేరు నుంచి అది కాలువలో వాలు మీద నడిచి వస్తుంది. అదే చెన్నై 2010లో మీంజూరు వద్ద, 2013లో నెమ్మేలి వద్ద సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారాలను ప్రారంభించింది. అటువంటి శుద్ధికి వెయ్యి లీటర్లకు సాధారణంగా మూడు నుంచి నాలుగు యూనిట్ల కరెంటు పడుతుంది. దాహం ఒకటే అయినా దాన్ని తీర్చే మార్గాన్ని బట్టి ఖర్చు ఇంతగా మారుతుంది.

ఇక మన బెంగళూరు. ఈ నగరం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఒక మిట్ట మీద ఉంది. పడమటి వైపు పడిన వాన అర్కావతి ద్వారా కావేరిలో కలుస్తుంది. తూర్పు వైపు పడినది దక్షిణ పినాకినికి పోతుంది. అంటే పెద్ద నది ఏదీ నగరం పక్కన లేదు, నగరానికి ఎగువన అంతకన్నా లేదు. 1896లో హెసరఘట్ట చెరువు నుంచి గొట్టాల ద్వారా నీరు తెచ్చినప్పుడు ఆవిరి యంత్రాలతో తోడవలసివచ్చింది. అది చాలక, విశ్వేశ్వరయ్యగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘం సూచనతో అర్కావతి మీద తిప్పగొండనహళ్ళి జలాశయం కట్టి 1933 నుంచి నీరు తెచ్చుకున్నారు. అదీ చాలక 1974లో కావేరి మొదటి దశ మొదలయింది.

ఇక్కడ ఒక విశేషం గమనించండి. 1905లో బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగించిన కరెంటు కావేరి మీది శివనసముద్రం జలపాతం నుంచి వచ్చింది. ఈనాడు ఆ పరిసరాల నుంచే కావేరి నీటిని తొరెకాడనహళ్ళికి చేర్చి, శుద్ధి చేసి, పైకి ఎక్కిస్తున్నాం. కిందికి దూకుతూ కరెంటు ఇచ్చిన నది పైకి ఎక్కడానికి కరెంటు అడుగుతోంది.

ఒక బకెట్ నీటి లెక్క

తొరెకాడనహళ్ళి నగరానికి సుమారు 100 కిలోమీటర్ల దూరం. అక్కడ ఒకసారి, హారోహళ్ళిలో రెండవసారి, తాతగుణిలో మూడవసారి పంపులు నీటిని ఎత్తి తోస్తాయి. ఈ మూడు అంచెలూ కలిపి పంపులు మోసే భారం సుమారు 500 మీటర్ల ఎత్తుకు సమానం. దీనినే ఇంజనీర్లు 'హెడ్' అంటారు. ఇందులో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి నిజంగా ఎక్కవలసిన ఎత్తు; అది భూమి నిర్ణయించినది, మనం మార్చలేము. రెండవది గొట్టంలో నీటికి కలిగే ఒరిపిడి. అది మనం వేసిన గొట్టాన్ని బట్టి ఉంటుంది, దానిని మార్చగలం.

ఇప్పుడు లెక్క చూద్దాం. వెయ్యి లీటర్ల నీరు అంటే ఒక టన్ను బరువు. టన్ను బరువును 500 మీటర్లు ఎత్తడానికి, ఏ నష్టమూ లేకపోతే, 1.36 యూనిట్ల కరెంటు కావాలి. పంపులోను, మోటారులోను జరిగే నష్టాలను కలుపుకొంటే అది సుమారు 1.9 యూనిట్లవుతుంది. ఇరవై లీటర్ల బకెట్ ఒకటి మన ఇంటికి చేరేసరికి తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు నాలుగు గంటలు వెలిగేంత కరెంటు ఖర్చయి ఉంటుంది. మనిషికి రోజుకు 135 లీటర్లు అనే ప్రమాణం ప్రకారం నలుగురున్న ఇంటికి నెలకు పదహారు వేల లీటర్లు కావాలి. వాటి వెనుక ముప్పై యూనిట్ల కరెంటు ఉంది. మన ఇంటి మీటరులో కనబడని ముప్పై యూనిట్లు అవి.

ఇంటి లెక్కను నగరానికి విస్తరించండి. కావేరి మొదటి నాలుగు దశల సామర్థ్యం కలిపి రోజుకు సుమారు 1,450 మిలియన్ లీటర్లు. 2024 అక్టోబరు 16న ప్రారంభమైన ఐదవ దశ దానికి 775 మిలియన్ లీటర్లు చేర్చింది. ఇవన్నీ పూర్తి సామర్థ్యంతో నడిచాయనుకుంటే పై లెక్క ప్రకారం రోజుకు 42 లక్షల యూనిట్లు కావాలి. అందులో నూటికి ఒక పాలు పొదుపు చేసినా రోజుకు 42 వేల యూనిట్లు మిగులుతాయి. జలమండలి వ్యయంలో కరెంటు బిల్లుకు అంత పెద్ద పద్దు ఎందుకు ఉంటుందో ఇప్పుడు అర్థమవుతుంది.

బోరు నీరు ఉచితం కదా అని కొందరు అంటారు. వెయ్యి అడుగుల లోతు బోరు నుంచి నీరు తోడడమంటే 300 మీటర్లు ఎత్తడమే. చిన్న సబ్‌మెర్సిబుల్ మోటార్ల పనితీరు పెద్ద పంపులకన్నా తక్కువ కాబట్టి వెయ్యి లీటర్లకు అక్కడ కూడా సుమారు రెండు యూనిట్లు పడుతుంది. అంటే మన కాళ్ళ కింది నీరు, వంద కిలోమీటర్ల అవతలి కావేరి నీరు ఇంచుమించు ఒకే ధర పలుకుతున్నాయి. భూగర్భ జలం ఎంత లోతుకు దిగిపోయిందో చెప్పడానికి ఇంతకన్నా వేరే సాక్ష్యం అక్కరలేదు.

మంచి అమరికకు నాలుగు సూత్రాలు

ఇంత ఖరీదైన నీటిని పంచే గొట్టాల వ్యవస్థను ఎలా అమర్చాలి? ఇంజనీర్లు చెప్పేదాన్ని నాలుగు మాటల్లో చెబుతాను.

మొదటిది, ఎత్తును బట్టి మండలాలుగా విభజించడం. ఒక ప్రాంతంలో పది వీధులున్నాయనుకుందాం. తొమ్మిది వీధులకు 20 మీటర్ల ఎత్తుకు నీరు తోస్తే చాలు. ఒక్క వీధి మాత్రం మిట్ట మీద ఉంది, దానికి 50 మీటర్లు కావాలి. ఆ ఒక్క వీధి కోసం పదింటికీ 50 మీటర్ల ఒత్తిడితో పంపితే మొత్తం పని 500 పాళ్ళు. తొమ్మిదింటిని వేరు చేసి, మిట్ట వీధికి మాత్రం ప్రత్యేకంగా ఒక చిన్న పంపు పెడితే పని 230 పాళ్ళు. నీరు అంతే, వీధులు అవే. కరెంటు సగానికి తగ్గింది. పైగా పల్లపు వీధుల్లో గొట్టాలు పగలడమూ తగ్గుతుంది. బెంగళూరు వంటి ఎత్తుపల్లాల ఊరికి ఇది ప్రాణసూత్రం. ఒకసారి మిట్ట మీది జలాశయానికి చేరిన నీటిని అక్కడినుంచి వాలు మీదనే పంచగలిగినంత మేర పంచాలి.

రెండవది, గొట్టం వ్యాసం. ఒకే పరిమాణంలో నీరు పారుతున్నప్పుడు గొట్టంలో ఒరిపిడి నష్టం వ్యాసపు అయిదవ ఘాతానికి విలోమంగా మారుతుంది. మాట కఠినంగా ఉన్నా దీని ఫలితం సులభం: 300 మిల్లీమీటర్ల గొట్టానికి బదులు 400 మిల్లీమీటర్ల గొట్టం వేస్తే ఒరిపిడి నాలుగో వంతుకన్నా తక్కువకు పడిపోతుంది. పెద్ద గొట్టానికి ధర ఎక్కువే. కానీ ఆ ధర ఒక్కసారి చెల్లించేది. ఒరిపిడికి కట్టే కరెంటు బిల్లు ముప్పై నలభై ఏళ్ళపాటు నెలనెలా చెల్లించేది. టెండరులో గొట్టం ధరను మాత్రమే చూసి నిర్ణయం తీసుకుంటే, తక్కువ ధరకు వచ్చిందనుకున్న గొట్టం చివరకు ఎక్కువ ఖరీదవుతుంది. అందువల్ల గొట్టం ధరను, దాని జీవితకాలపు కరెంటు ఖర్చును కలిపి చూడడమే సరైన పద్ధతి.

మూడవది, పంపు ఎంపిక, దాని నడక. ప్రతి పంపుకూ తాను బాగా పనిచేసే ఒక స్థితి ఉంటుంది: ఇంత నీరు, ఇంత ఎత్తు అని. ముందుజాగ్రత్త పేరుతో అవసరానికి మించిన పంపు పెట్టి, ఆ తరువాత వాల్వు సగం మూసి నడిపించడం చాలా చోట్ల కనబడుతుంది. అది ఎద్దును అదిలిస్తూనే పగ్గం వెనక్కి లాగినట్టు. వాల్వు మూయడానికి బదులు మోటారు వేగాన్నే తగ్గించే నియంత్రికలు ఉన్నాయి. వాటిని వీఎఫ్‌డీలు అంటారు. ఒరిపిడి భారమే ప్రధానమైన చోట వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే కరెంటు దాదాపు సగానికి తగ్గుతుంది. నిట్టనిలువు ఎత్తే ప్రధానమైన చోట ఇంత లాభం ఉండదు. అక్కడ సరైన పంపును ఎంచుకోవడమే ముఖ్యం. ఏ మందు ఏ రోగానికో తెలిసి వాడాలి.

నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, కారుడును అరికట్టడం. ఉదాహరణకు వంద లీటర్లు పంపితే ముప్పై లీటర్లు దారిలో కారిపోయాయనుకోండి. అప్పుడు ఇంటికి చేరిన వెయ్యి లీటర్లకు 1.9 కాదు, 2.7 యూనిట్లు ఖర్చయినట్టు. కారిన నీటికి కూడా కొండ ఎక్కించిన కూలి చెల్లించాం కదా! ఒత్తిడి పెరిగే కొద్దీ కారుడు పెరుగుతుంది. అర్ధరాత్రి అందరూ కొళాయిలు కట్టేసినప్పుడు గొట్టంలో ఒత్తిడి పెరిగి, పగుళ్ళ ద్వారా నీరు మరింతగా పోతుంది. అందుకే ఊరిని చిన్న చిన్న కొలత మండలాలుగా విడగొట్టి, ప్రతి మండలం ముఖద్వారంలో మీటరు పెట్టి, రాత్రి వేళ ప్రవాహాన్ని గమనిస్తారు. ఊరంతా నిద్రపోతున్నప్పుడు మీటరు తిరుగుతూనే ఉంటే ఆ నీరు ఎక్కడికి పోతున్నదో వెతకవలసిందే. అవసరమైన చోట ఒత్తిడి తగ్గించే వాల్వులను కూడా అమరుస్తారు.

మన సంపు, మన మోటారు

ఇంతవరకు చెప్పింది జలమండలి పని. ఇక మన ఇళ్ళలోకి వద్దాం.

బెంగళూరుకు వచ్చిన ప్రతి తెలుగు కుటుంబమూ మొదట నేర్చుకునే మాటల్లో 'సంపు' ఒకటి. నీరు రోజూ రాదు, వచ్చినా కొన్ని గంటలే. అందువల్ల భూమిలో సంపు, మిద్దె మీద ట్యాంకు, మధ్యలో మోటారు తప్పనిసరి అయ్యాయి. దేశంలో నీటి సరఫరా నమూనాకు చాలాకాలం ఆధారంగా ఉన్న 1999 నాటి కేంద్ర మార్గదర్శిక ఒక అంతస్తు ఇళ్ళకు 7 మీటర్లు, రెండంతస్తులకు 12 మీటర్లు, మూడంతస్తులకు 17 మీటర్ల ఒత్తిడి ఇంటి కనెక్షను దగ్గర ఉండాలని చెప్పింది. అంతటి ఒత్తిడితో వచ్చిన నీరు కూడా మన గుమ్మంలో సంపులోకి జారి, ఆ శక్తినంతా అక్కడే పోగొట్టుకుంటుంది. మళ్ళీ మన మోటారు దాన్ని మొదటి నుంచి ఎత్తాలి. ఇందుకు వెయ్యి లీటర్లకు దాదాపు పదో వంతు యూనిట్ పడుతుంది. కావేరి ఎక్కే 1.9 యూనిట్లతో పోలిస్తే ఇది చిన్నదే. కానీ సంపు వల్ల కలిగే అసలు నష్టం కరెంటు కాదు.

నీరు వచ్చే రెండు మూడు గంటల్లో ప్రతి ఇల్లూ తన సంపు నింపుకోవాలని చూస్తుంది. రోజంతా నిదానంగా పారవలసిన నీరు ఒక్కసారిగా పరుగెత్తాలి. పరుగు పెరిగితే ఒరిపిడి పెరుగుతుంది. ఒరిపిడి పెరిగితే వీధి చివరికి ఒత్తిడి చేరదు. పల్లంలో ఉన్న ఇంటి సంపు పొంగుతుంది, మిట్ట మీది ఇంట్లో కొళాయి బుసకొడుతుంది. ఆ సమయంలో కొందరు మెయిన్ లైనుకే నేరుగా మోటారు బిగించి లాగుతారు. ఇది నిషేధం. నిషేధమన్న సంగతి కన్నా దాని ఫలితం తెలుసుకోవడం ముఖ్యం: గొట్టంలో ఒత్తిడి గాలి ఒత్తిడికన్నా దిగువకు పడిపోతే, పగుళ్ళ ద్వారా పక్కనున్న మురికినీరు లోపలికి పీల్చబడుతుంది. ఒక ఇంటి మోటారు వీధి మొత్తానికి విరేచనాలు పంచగలదు.

రోజంతా నీరు ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. మన రాష్ట్రంలోనే హుబ్బళ్ళి–ధారవాడ, బెళగావి, కలబురగి నగరాల్లోని కొన్ని వార్డులలో 2008 నాటికి ఇరవై నాలుగు గంటల సరఫరా ఇచ్చి చూపించారు. 2021లో ఒడిశాలోని పూరీ నగరం కొళాయి నుంచే నేరుగా తాగగలిగే నీటిని రోజంతా అందించడం ప్రారంభించింది. కారుడు తగ్గించి, మీటర్లు పెట్టి, మండలాలు విడదీసిన తరువాతనే అది సాధ్యమవుతుంది. ముందు ఇల్లు చక్కబెట్టుకోవాలి, తరువాత పండుగ.

చివరి వీధిలో మనవాళ్ళు

ఇదంతా మనకెందుకు అని ఎవరైనా అడగవచ్చు. మనలో చాలామంది ఎక్కడ ఉంటున్నామో ఆలోచించండి. మారతహళ్ళి, వైట్‌ఫీల్డు, మహదేవపుర, బొమ్మనహళ్ళి వైపు, 2007లో నగరంలో కలిసిన 110 గ్రామాల పరిధిలో, భవన నిర్మాణ కూలీలు మొదలుకొని సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల వరకు లక్షల మంది బయటివారు ఉన్నారు. వారిలో తెలుగువారు తక్కువ కాదు. 2024 వేసవిలో బోర్లు ఎండి ట్యాంకరు కోసం బిందెలతో నిలబడినది ఎక్కువగా ఈ ప్రాంతాలే. కావేరి ఐదవ దశ ముఖ్యంగా ఈ 110 గ్రామాల కోసమే వచ్చింది. అంటే కొత్త గొట్టాలు పడేది, కొత్త మండలాలు ఏర్పడేది మన వీధులలోనే. కొన్ని దశాబ్దాలపాటు మారని నిర్ణయాలు ఇప్పుడు జరుగుతున్నాయి. గొట్టం పూడ్చి రోడ్డు వేసిన తరువాత అడిగి ప్రయోజనం లేదు.

గొట్టాల వ్యవస్థలో ఎక్కడ పొరపాటు జరిగినా దాని భారం మొదటి ఇంటి మీద పడదు, చివరి ఇంటి మీద పడుతుంది. అద్దెకు చౌకగా దొరికేది చివరి ఇల్లే. కొళాయి రాని ఇంటివారు ట్యాంకరుకు చెల్లించేది కొళాయి నీటి ధరకు ఎన్నో రెట్లు. కాబట్టి ఒత్తిడి, వ్యాసం, కారుడు అనేవి కేవలం ఇంజనీర్ల మాటలు కావు. పేదవాడి నెల ఖర్చు వాటిలోనే ఉంది.

అందువల్ల వార్డు సభలకు వెళ్ళండి. కన్నడం బాగా రాకపోయినా వెళ్ళండి. పక్కింటివారిని తోడు తీసుకుని వెళ్ళండి. నాలుగు ప్రశ్నలు అడగండి. మా వీధి ఏ మండలంలో ఉంది, ఏ జలాశయం నుంచి నీరు వస్తుంది? మా మండలం ముఖద్వారంలో మీటరు ఉందా, రాత్రి ప్రవాహం చూస్తున్నారా? మా వీధి చివరి ఇంటి దగ్గర ఒత్తిడి ఎప్పుడైనా కొలిచారా? కొత్త గొట్టం పరిమాణం నిర్ణయించేటప్పుడు జీవితకాలపు కరెంటు ఖర్చు లెక్కించారా? ఈ ప్రశ్నలలో నింద లేదు. వీటికి జవాబు సిద్ధంగా ఉన్న చోట పని సక్రమంగా జరుగుతున్నట్టే.

ఇంటి వద్ద చేయవలసినవి కూడా ఉన్నాయి. ట్యాంకు పొంగిపోకుండా ఫ్లోట్ వాల్వు పెట్టించండి. రోడ్డు మీద గొట్టం కారుతుంటే జలమండలి సహాయవాణి 1916కు చెప్పండి. అపార్టుమెంటులో బూస్టర్ పంపు అవసరానికి మించి ఉందేమో సంఘం సమావేశంలో అడగండి. వాన నీటిని పట్టండి. 2009 నాటి చట్టసవరణ ప్రకారం 60×40 అడుగులు, అంతకు మించిన స్థలంలోని పాత ఇళ్ళకు, 30×40 అడుగులు, అంతకు మించిన స్థలంలో కొత్తగా కట్టే ఇళ్ళకు ఇది తప్పనిసరి. నూరు చదరపు మీటర్ల మిద్దె మీద ఈ నగరపు వాన ఏడాదికి డెబ్బై అయిదు వేల లీటర్ల వరకు వాడుకోదగిన నీటిని ఇవ్వగలదు. ఆ నీరు మిద్దె మీదకే వచ్చి పడుతుంది. దాన్ని ఎవరూ కొండ ఎక్కించనక్కరలేదు. అంతే నీటిని కావేరి నుంచి తేవడానికి 140 యూనిట్లు కావాలి.

మన ఊళ్ళలో చెరువు నీటిని పంచడానికి నీరుగంటి ఉండేవాడు. పైపొలంవాడు తూము మూయకపోతే దిగువపొలం ఎండుతుందని అతనికి తెలుసు. అందుకే మొదట చివరి మడిని చూసి వచ్చేవాడు. నగరంలో నీరుగంటి స్థానంలో పంపులు, వాల్వులు, మీటర్లు వచ్చాయి. చివరి మడిని చూసి రావలసిన బాధ్యత మాత్రం అలాగే ఉంది. దాన్ని జలమండలికి గుర్తుచేయవలసినవారం మనమే, మన మోటారు విషయంలో పాటించవలసినవారమూ మనమే.